చీపురు మాస్టారు తుడిచేసిన రెక్కలు

ఆయనకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి. చీపురు మాస్టారు! రేడియో టెలిస్కోపు కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి, ఒక్కనాడైనా చీపురు చేతపట్టని మనిషి. ఆయన ఊడ్చేది నేల కాదు, గీతలు. ఆకాశం నుంచి ఆ పెద్ద పళ్ళెంలో పడ్డ సంకేతం కంప్యూటరు తెర మీద వంకరటింకర గీతగా వస్తుంది. అందులో అసలు సరుకు చెంచాడైతే చెత్త బిందెడు. ఆ చెత్తంతా తీసేసి, గీతను నున్నగా చేసి పెద్దవాళ్ళ బల్ల మీద పెట్టడం ఆయన ఉద్యోగం. ఆ పనిలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని అందరూ అనేవారు. ఆయనా అలాగే అనుకునేవాడు, అదే వచ్చిన చిక్కు.

ఆయన గది మెట్ల పక్కన రెండోది. యంత్రాల కోసం పెట్టిన చల్లదనానికి మండువేసవిలో కూడా ఆయన స్వెట్టరు వేసుకునే కూర్చునేవాడు. కిటికీలోంచి చూస్తే టెలిస్కోపు పళ్ళెం సగం కనిపించేది. కిటికీ పక్కన గోడ మీద ఆయనే గుండ్రటి అక్షరాలతో రాసి అంటించిన అట్ట ఒకటి ఉండేది. 'కొలత లేని మాట ఇక్కడ చెల్లదు.' కొత్తగా చేరినవాళ్ళెవరైనా "నాకేదో అనిపిస్తోంది సార్" అంటే చాలు, ఆయన నోరు తెరిచేవాడు కాదు. చూపుడువేలితో ఆ అట్టను చూపించేవాడు. వాళ్ళు మూతి ముడుచుకుని వెళ్ళిపోయేవారు.

కథకు కావలసినంత శాస్త్రం చెప్తాను, కంగారు పడకండి. నక్షత్రం పుట్టాలంటే చల్లటి వాయువు కావాలి. అందులో ముప్పాతిక భాగం హైడ్రోజన్ అణువులే. తమాషా ఏమిటంటే, అంత చలిలో హైడ్రోజన్ నోరు విప్పదు. దాంతో కలిసి తిరిగే కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఒట్టి వాగుడుకాయ. అది ఎంత గట్టిగా పలికితే అక్కడ అంత వాయువు ఉందని లెక్క కడతారు. గీతలో దాని పలుకు నిటారైన శిఖరంలా కనిపిస్తుంది. ఇక కొన్ని గెలాక్సీలు ఉంటాయి, చూడ్డానికి పిడికెడు, పని చూస్తే కొండంత. ఉన్న వాయువునంతా నడిమధ్యన ఇరుకు చోటులో పోగేసుకుని ఒక్క ఊపున నక్షత్రాలను కనేస్తుంటాయి. మన పాలపుంత ఏడాదికి ఒకటో రెండో సూర్యుళ్ళంత సరుకును నింపాదిగా వాడుకుంటుంటే, ఇవి ఏడాదికి వంద సూర్యుళ్ళంత మింగేస్తాయి. అలా వాడితే నిలవ ఎన్నాళ్ళుంటుంది? కొన్ని కోట్ల ఏళ్ళు. ఆకాశానికి అది రెప్పపాటు. అయితే ఆ వాయువంతా నక్షత్రాలుగానే మారిపోతోందా, లేక కొత్త నక్షత్రాల ధాటికి చెదిరి బయటికి కొట్టుకుపోతోందా అన్నది అప్పట్లో ఆ కేంద్రంలో అందరినీ తొలిచే ప్రశ్న.

మాస్టారు పుట్టుకతోనే అంత కరుకు మనిషేం కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆయనకు ఒక గీతలో వెడల్పాటి గుట్ట కనిపించింది. ఉన్నపళంగా ఆ కాగితం పట్టుకుని, సగం తిన్న భోజనం వదిలేసి, పెద్దాయన గదిలోకి పరిగెత్తాడు. పెద్దాయన అంటే అప్పటి డైరెక్టరు. ఆ గదిలో పైనుంచి వచ్చిన అతిథులు నలుగురున్నారు. వాళ్ళలో ఒకాయన కాగితం చూసి, "ఫోకస్ వెంట్రుకవాసి జరిపి మళ్ళీ తియ్యండి బాబూ" అన్నాడు. తీశారు. గుట్ట కూడా జరిగింది. అది ఆకాశంలోంచి వచ్చింది కాదు, పళ్ళేనికీ రిసీవరుకీ మధ్య మారుమోగే అల. నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. వారం పాటు క్యాంటీన్‌లోకి కూడా వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తెర మీద శిఖరానికి ఎడమవైపు రెండు వేళ్ళు, కుడివైపు రెండు వేళ్ళు ఆనించేవాడు. ఆ వేళ్ళ లోపల ఉన్నది సరుకు. బయట ఉన్నది, అది ఎంత ముద్దుగా ఉన్నా సరే, చెత్త. వేళ్ళ బయటి భాగాన్నంతా ఆధారంగా తీసుకుని దాని మీదుగా ఒక గీత గీసి, మొత్తంలోంచి ఆ గీతను తీసేసేవాడు. అటూ ఇటూ ఉన్న ఎత్తుపల్లాలన్నీ మాయమై, శిఖరం ఒక్కటే బల్లపరుపు నేల మీద నిలబడేది. అరనిమిషం పని. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

అన్నగారి అమ్మాయి అక్కడ ఉద్యోగంలో చేరింది కూడా ఆయన చలవే. చదువులో చురుకు, లెక్కలంటే ప్రాణం, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అందరూ 'పెన్సిలు' అనే పిలిచేవారు. రెండేళ్ళ ఒప్పందం మీద బాబాయి గదిలోనే ఒక మూల బల్ల వేయించుకుంది. మొదటి నెలంతా ఆయన పక్కన కూర్చుని రెండు వేళ్ళ పద్ధతి నేర్చుకుంది. రెండో నెల నుంచీ ప్రశ్నలు మొదలుపెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం మాస్టారు హడావుడిలో ఉన్నాడు. పిడికెడు గెలాక్సీ ఒకదాని మీద మూడు వారాలు తీసిన గీతలన్నీ కలిపి నాలుగింటికల్లా పెద్దాయన బల్ల మీద పెట్టాలి. భోజనం అయిందనిపించి డబ్బా మూత బిగించుకుంటున్నాడు.

"బాబాయ్, ఒక్కసారి ఇది చూస్తారా?" అంది పెన్సిలు.

"ఏమిటే?"

"ఈ శిఖరానికి అటూ ఇటూ పల్చగా ఏదో వాలి ఉంది. రెక్కల్లా. ఎడమవైపు కాస్త ఎక్కువ."

"పళ్ళెం అల. తుడిచెయ్."

"కాదేమో బాబాయ్. ఫోకస్ జరిపి తీసిన వాటిల్లో కూడా చూశా. జరగలేదు. అల అయితే జరగాలి కదా? వాయువు కొంత మనవైపు, కొంత అవతలివైపు కొట్టుకుపోతుంటే ఇలాగే ఉంటుంది. రెండు కాదు, నాలుగు వేళ్ళు వదిలి చూడండి, తెలుస్తుంది."

"నాలుగు వేళ్ళు వదిలితే నాలుగు కథలు పుడతాయి. పెద్దాయనకి నాలుగింటికి కావలసింది కథలు కాదు."

"కథ కాదు, ఒక్కసారి…"

ఆయన డబ్బా సంచిలో పెడుతూ, తల ఎత్తకుండానే, చూపుడువేలు గోడ వైపు తిప్పాడు. ఆ పిల్ల అట్ట వంక చూసింది, ఆయన వంక చూసింది. మొహం చిన్నబుచ్చుకుంది గానీ పట్టు వదల్లేదు.

"పోనీ, తుడవకముందు ఉన్నదాన్ని నాకొక టేపు మీద ఎక్కించి ఇవ్వండి."

"ఏం చేసుకుంటావు, మెళ్ళో వేసుకుంటావా?" అని విసుక్కుంటూనే ఇచ్చాడు. తర్వాత రెండు వేళ్ళు ఆనించాడు, తుడిచాడు, మూడున్నరకే పెద్దాయన బల్ల మీద పెట్టేశాడు. శిఖరం ముత్యంలా ఉందని పెద్దాయన మెచ్చుకున్నాడు.

ఆర్నెల్లకు దాని మీద వ్యాసం అచ్చయింది. వాయువు బయటికి పోతున్న జాడ ఎక్కడా కనబడలేదని, ఉన్నదంతా నక్షత్రాలు పుట్టడానికే ఖర్చవుతోందని అందులో రాశారు. ఆ సంవత్సరమే టేపుల కొరత వచ్చింది. అసలు రికార్డులు ఆర్నెల్లు దాటినవి తుడిచేసి మళ్ళీ వాడుకోవచ్చని ఉత్తర్వు వేశారు. మిగతా గదులవాళ్ళు నాన్చుతుంటే మాస్టారు వారం తిరక్కుండా తన గదివన్నీ ఖాళీ చేసి ఇచ్చి శభాష్ అనిపించుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పెన్సిలు ఒప్పందం పొడిగించాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు పెద్దాయన ఆయన్ని పిలిచి, "మీ అమ్మాయి ఎలాంటిది మాస్టారూ?" అని అడిగాడు. సొంత మనిషని వెనకేసుకొచ్చాడంటారేమో అని ఆయన భయం. పాత నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "తెలివైనదే సార్. కానీ లేనిది చూస్తుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆ పిల్ల ఉద్యోగం ఊడింది. వెళ్ళిపోయే రోజు బల్ల సొరుగు ఖాళీ చేసుకుని, "వెళ్ళొస్తా బాబాయ్" అంది. "మంచిదమ్మా" అన్నాడు. రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో స్కూల్లో లెక్కల టీచరుగా చేరిందని తర్వాత అన్నగారు చెప్పారు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే "బాగున్నావా" అంటే "బాగున్నా" అనేది. అంతకు మించి మాట సాగేది కాదు.

పదకొండేళ్ళు గడిచాయి. మాస్టారు రిటైరయ్యాడు గానీ, అలవాటు పోక వారానికి రెండుసార్లు కేంద్రం లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాడు. అలా ఒక ఉదయం కొత్త పత్రిక తిరగేస్తుంటే ఆ పిడికెడు గెలాక్సీ పేరు కనిపించింది. ఎక్కడో యాభైకి పైగా పళ్ళాలు కలిపి కట్టిన కొత్త టెలిస్కోపు దాన్ని చూసిందట. బొమ్మ చూశాడు. శిఖరానికి అటూ ఇటూ రెక్కలు. ఎడమవైపు కాస్త ఎక్కువ. నక్షత్రాలుగా మారేదానికన్నా బయటికి కొట్టుకుపోయే వాయువే ఎక్కువ ఉందని, ఆ గెలాక్సీ తన సరుకును అనుకున్నదానికన్నా త్వరగా పోగొట్టుకుంటోందని రాశారు. ఇంతకుముందు ఒక కేంద్రం ఇలాంటిదేమీ కనబడలేదని చెప్పిందని కింద చిన్నక్షరాల్లో ఉంది. ఎవరో భుజం తట్టి "ఒంట్లో బాగోలేదా మాస్టారూ?" అని అడిగేదాకా ఆ పేజీ తిప్పలేదు.

అప్పటికి ఆ కేంద్రానికి కొత్త డైరెక్టరు వచ్చింది. అందరూ డైరెక్టరమ్మ అంటారు. ఆవిడకు దాచకుండా చెప్పాడు, దీన్ని మా అన్నయ్య కూతురు పదకొండేళ్ళ కిందటే చూసిందని.

డైరెక్టరమ్మ కళ్ళద్దాలు తీసి శ్రద్ధగా విన్నది. "అసలు రికార్డు తెచ్చివ్వండి మాస్టారూ. పత్రికలో రెండు పేజీల గమనిక వేద్దాం. ముందు ఆవిడ పేరే పెడదాం. ఆవిడ రాదలిస్తే ఇక్కడ చోటు కూడా ఉంది" అంది. తర్వాత కాస్త ఇబ్బందిగా, "మీ మాట మీద నమ్మకం లేక కాదు…" అంటూ గోడ వైపు చూసింది. ఆయన అట్టను రిటైరయ్యాక వాళ్ళు ఫ్రేము కట్టించి ఆ గదిలో తగిలించారు మరి!

టేపుల గదిలో రెండు రోజులు వెతికాడు. ఎక్కడుంటుంది? రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా 'తుడిచి వాడబడినది' అని ఉంది. పక్కన పొడి సంతకం, ఆయనదే. ఇక మిగిలింది పెన్సిలు పట్టుకెళ్ళిన టేపు ఒక్కటే.

"ఫోన్ చేసి అడగండి, ఏం పోయింది?" అంది ఇంట్లో ఆవిడ.

"ఏ మొహం పెట్టుకుని అడగనే? నాకు మొహం చెల్లదు."

"మొహం చెల్లకపోతే దాన్ని ఇంట్లో పెట్టి మీరు వెళ్ళి రండి. పిల్ల బతుకు కన్నా మీ మొహం ఎక్కువైందా?" అంది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆవిడ అన్నవన్నీ సరైనవేనని కాదు గానీ, ఇది మాత్రం సరైనదే.

ఆదివారం ఉదయం బస్సెక్కాడు. మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యడం లేదు. ఆయాసపడుతూ తలుపు కొట్టాడు. తీసింది పెన్సిలే. జుట్టు అక్కడక్కడా నెరిసింది. చెవి మీద పెన్సిలు మాత్రం అలాగే ఉంది. ముందుగదిలో బల్ల నిండా దిద్దాల్సిన నోటు పుస్తకాలు.

"రండి బాబాయ్. పిన్ని రాలేదా?" అంటూ కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టింది. నీళ్ళిచ్చింది, టీ ఇచ్చింది. ఆయన టీ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా, సంచిలోంచి కొత్త వ్యాసం తీసి బల్ల మీద పరిచాడు.

ఆమె చూసీ చూడనట్టు చూసింది. "చదివాను. వచ్చిన వారమే."

"చదివి ఊరుకున్నావా?"

"ఏం చెయ్యమంటారు? నాకు ముందే తెలుసని వీధిలో దండోరా వేయించనా?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. డైరెక్టరమ్మ అన్నదంతా చెప్పాడు, గమనిక సంగతీ, పేరు సంగతీ, చోటు సంగతీ. "ఆ రోజు నీకిచ్చిన టేపు… ఉందా తల్లీ?" అని అడిగాడు. అడిగాక ఆమె మొహం వంక వెయ్యి కళ్ళతో చూశాడు.

పెన్సిలు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఈ ఇంటికి రాకముందు మూడు ఇళ్ళు మారాను బాబాయ్. మూడుసార్లూ దాన్ని బట్టల మడతల్లో పెట్టుకుని మోసుకెళ్ళాను. మీరు అడుగుతారని. ఎప్పుడో ఒకప్పుడు, 'ఏదే, ఆ రోజు చూపించావు, మళ్ళీ చూపించు' అంటారని. పెళ్ళిళ్ళలో మీరు కనబడ్డప్పుడల్లా ఈసారి అడుగుతారు అనుకునేదాన్ని. మీరు బాగున్నావా అని అడిగేవారు."

ఆమె కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"పోయిన వేసవిలో ఇక్కడికి మారుతున్నప్పుడు, నాలుగోసారి దాన్ని చేతిలోకి తీసుకుంటే నవ్వొచ్చింది. దాన్ని పెట్టి చదివే యంత్రాలే ఇప్పుడెక్కడా లేవు, ఇంకా ఎందుకు మొయ్యడం అనిపించింది. పాత కాగితాలు కొనేవాడి తట్టలో వేసేశాను."

"పోయిన వేసవా?"

"పది నెలలైంది."

పది నెలలు! పదకొండేళ్ళలో పది నెలల ముందు ఏ రోజు వచ్చినా సరిపోయేది. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళాడు, గృహప్రవేశాలకు వెళ్ళాడు, ఈ ఊరికే ఏదో పని మీద రెండుసార్లు వచ్చాడు. బస్టాండు నుంచి అప్పట్లో ఆమె ఉన్న ఇంటికి పది నిమిషాల నడక. కాళ్ళు రాలేదు.

"తప్పు నాదే తల్లీ" అన్నాడు చివరికి. "నువ్వు చూసింది తప్పన్నాను."

"తప్పన్నందుకు నాకు కోపం లేదు బాబాయ్. తప్పయి ఉండొచ్చని నేనూ అనుకున్నా. చూడకుండా అన్నారు చూశారూ, అదీ! డబ్బా మూత పెట్టుకుంటూ అన్నారు. తల కూడా ఎత్తలేదు." ఆమె గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గింది. "తర్వాత, నేను లేనిది చూస్తానన్నారట కదా. వెళ్ళేముందు పెద్దాయనే చెప్పారు. మీ బాబాయే అన్నాడమ్మా, నేనేం చెయ్యను అని."

ఆ మాట ఆమెకు తెలుసని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. వెళ్ళొస్తా బాబాయ్ అని ఆమె అన్నది, తెలిసే అన్నది.

"అన్నాను" అన్నాడు. "నా పరువు కోసం అన్నాను. ఆ మాట గుర్తొస్తే అన్నం దిగదు నాకు."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. మాస్టారు సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. ఆనాటి గీత, తను తుడిచి ఇచ్చినది. శిఖరం ముత్యంలా ఉంది. దేనికి తెచ్చాడో ఆయనకే తెలియదు, ఊరికే తెచ్చాడు.

పెన్సిలు దాన్ని చూసి దగ్గరికి వచ్చింది. చెవి మీది పెన్సిలు తీసి, వంగి, శిఖరానికి ఎడమవైపు మెల్లగా ఒక వాలు గీసింది. ఒక చోట ఆగి, కొద్దిగా పైకి లేపి, మళ్ళీ దించింది. కుడివైపు అంతకన్నా పల్చగా, కాస్త పొట్టిగా గీసింది. ఎక్కడా చెరపలేదు. ఎక్కడా ఆలోచించలేదు. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం తెర మీద చూసినదాన్ని, ఇంటి దారి గీసినట్టు గీసేసింది.

ఆయన ఆ కాగితాన్ని కొత్త వ్యాసం బొమ్మ పక్కన పెట్టాడు. ఎడమ వాలు మీద ఆ చిన్న ఎత్తు, కొత్త బొమ్మలోనూ సరిగ్గా అక్కడే ఉంది. అలవాటుగా శిఖరం పక్కన రెండు వేళ్ళు ఆనించాడు. రెక్క ఆ వేళ్ళను దాటి అవతలికి వెళ్ళింది. ఇంకో రెండు వేళ్ళు ఆనించాడు. నాలుగో వేలు కింద రెక్క అయిపోయింది. ముసలాయన కళ్ళలోంచి నీళ్ళు టపటపా కాగితం మీద పడ్డాయి. ఆమె కాగితం పక్కకు జరిపి, చల్లారిన టీ మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

"ఇది ఆధారం కాదు బాబాయ్. వ్యాసం చూసి గీశాననుకుంటారు."

"అవును. అలాగే అనుకుంటారు."

"డైరెక్టరమ్మకి ఏం చెప్తారు?"

"రికార్డు లేదని చెప్తాను."

"ఎందుకు లేదో కూడా చెప్పండి" అంది.

మర్నాడు పది గంటలకు వెళ్ళి చెప్పాడు. రికార్డు లేదు, ఉన్నదాన్ని తుడిచింది నేను, మిగిలిన కాపీని పదకొండేళ్ళ పాటు అడగనిదీ నేనే అని, ఆ అట్ట ఎదురుగా నిలబడి చెప్పాడు. డైరెక్టరమ్మ కాసేపు కూర్చోమంది, మంచినీళ్ళు తెప్పించింది. గమనిక వెయ్యలేమని ఆవిడ నోటితో చెప్పాల్సిన అవసరం రాలేదు.

సాయంత్రం ఇంట్లో ఆవిడ అడిగింది, "ఇంతకీ పిల్ల దగ్గర దొరికిందా, లేదా?"

"దొరికింది" అన్నాడు.

పెన్సిలుతో రెక్కలు గీసిన ఆ కాగితం ఇప్పటికీ ఆయన బీరువాలో, స్వెట్టరు మడతల మధ్య ఉంది. ఎవరికీ చూపించడు. చూపించినా ఎవరూ నమ్మక్కర్లేదు. నమ్మవలసిన మనిషి ఒక్కడే, వాడు పదకొండేళ్ళు ఆలస్యంగా నమ్మాడు.